ఆట పరికరం కొనేముందు ఊరి అరుగును తలుచుకోండి

సంక్రాంతికి విదేశాల నుంచి ఊరు వెళ్లేవారిలో చాలామంది మేనల్లుళ్లకో మేనకోడళ్లకో చేతిలో పట్టుకుని ఆడుకునే గేమింగ్ పరికరం తీసుకెళ్లాలనుకుంటున్నారు. నింటెండో స్విచ్ 2 మేలా, స్టీమ్ డెక్ మేలా, ఆర్‌ఓజీ అలై మేలా అన్న చర్చ ఎక్కడ మొదలైనా చివరికి ప్రాసెసర్ వేగం దగ్గరే ఆగుతోంది. ఆ పరికరం నడవాల్సింది శ్రీకాకుళం జిల్లాలో అన్న సంగతి మాత్రం లెక్కలోకి రావడం లేదు.

నరసన్నపేట దగ్గర మా అప్ప ఇంట్లో ఇన్వర్టర్ ఉంది గానీ, అది రెండు ఫ్యాన్లకూ ఒక లైటుకూ సరిపోతుంది. సాయంత్రం కరెంటు పోతే మా మేనల్లుడు అరుగు మీదికి వచ్చి, స్తంభానికి ఆనుకుని, తెర వెలుతురు సగానికి తగ్గించుకుని ఆడతాడు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను తరువాత ఉద్దానం ఊళ్లు రోజుల తరబడి చీకట్లో గడిపిన సంగతి మనలో చాలామందికి గుర్తే. అలాంటి చోటికి పంపే వస్తువును ముందుగా బ్యాటరీని బట్టి ఎంచాలని నా గట్టి అభిప్రాయం. 2025 జూన్‌లో వచ్చిన స్విచ్ 2 ఆటను బట్టి సుమారు 2 నుంచి 6.5 గంటలు నడుస్తుందని నింటెండో చెబుతుండగా, 2021 నాటి స్విచ్ ఓలెడ్‌కు అదే కంపెనీ 4.5 నుంచి 9 గంటలు చెబుతోంది. అంటే కొత్తది అన్నివిధాలా మెరుగైనదనుకోవడం పొరపాటు. ఈ సంగతి చాలా ఏళ్ల కిందటే తేలింది. 1989లో వచ్చిన నింటెండో వారి గేమ్ బాయ్‌ది రంగుల్లేని తెర, అయినా నాలుగు చిన్న సెల్స్‌తో రోజుల తరబడి ఆడుకోగలిగేవారు. మరుసటి ఏడాది రంగుల తెరతో వచ్చిన గేమ్ గేర్ ఆరు సెల్స్‌ను కొద్ది గంటల్లోనే తాగేసేది. జనం గేమ్ బాయ్‌నే ఎంచుకున్నారు.

రెండో విషయం ఇంటర్నెట్. స్విచ్ 2 కోసం అమ్మే కార్డులు కొన్నింటిలో అసలు ఆటే ఉండదు. కార్డు పెట్టాక ఆటంతా డౌన్‌లోడ్ చేసుకోవాలి, అది పదుల జీబీలు ఉండవచ్చు. ఊళ్లో ఫోన్ హాట్‌స్పాట్ మీద ఆధారపడే పిల్లవాడికి అలాంటి కార్డు బహుమతిగా ఇవ్వడం వాడిని నిరాశపరచడమే. సోనీ వారి ప్లేస్టేషన్ పోర్టల్ అనే చేతి పరికరానికైతే వైఫై లేనిదే పని జరగదు కాబట్టి దాన్ని ఊరికి తీసుకెళ్లే ఆలోచనే వద్దు. స్టీమ్ డెక్‌లో ఆటలు ముందే దించుకుంటే ఆఫ్‌లైన్‌లో ఆడుకునే వీలుంది.

మరమ్మతు మాట కూడా చెప్పాలి. పేరు అనవసరం, నేను ఇక్కడ, విదేశంలో, కొని తీసుకెళ్లిన ఒక పరికరంలో ఎనిమిది నెలలకే ఎడమవైపు స్టిక్ (ఆటలో బొమ్మను కదిపే మీట) చేయి పెట్టకపోయినా దానంతటదే పక్కకు లాగడం మొదలైంది. మా బావగారు దాన్ని పట్టుకుని విశాఖపట్నం దాకా వెళ్లారు. విదేశంలో కొన్నదానికి భారతదేశంలో వారంటీ చెల్లదని తిప్పి పంపారు. "మావయ్యా, ఇది మరి బాగవదేటి?" అని మా మేనల్లుడు ఫోన్‌లో అడిగితే నా దగ్గర జవాబు లేకపోయింది. ఈ కోణంలో చూస్తే ఏసుస్ తన అలైను భారతదేశంలో అధికారికంగానే అమ్ముతోంది కనుక, దాన్ని అక్కడే కొనడం మంచిది. అయితే దాని విండోస్‌కు అప్‌డేట్లు వస్తూనే ఉంటాయి, అవి చూసుకునే పెద్దపిల్లలకే అది తగినది.

పదేళ్ల పిల్లలకు నేను స్విచ్ ఓలెడ్‌నే సూచిస్తాను, ఇంజినీరింగ్ చదివే వారికి స్టీమ్ డెక్ ఓలెడ్. ఈసారి ఏది కొన్నా, ఆటలన్నీ ఇక్కడే దించి, మా ఇంటి వైఫై కట్టేసి, ఛార్జర్ తీసేసి, ఒక సాయంత్రమంతా నేనే ఆడి చూశాకే పెట్టెలో సర్దుతాను.