శాలువా కొంగకి కప్పారు

కుడిచెయ్యి లేవట్లా. ఎడంచేత్తో టైపు చేస్తుండా, తప్పులుంటే సర్దుకోండి. ఈ నొప్పి ఎట్టా వచ్చిందో మీకు చెప్పకపోతే నాకు ఈ రాత్రికి నిద్ర పట్టదు.

కావలిలో ఒక స్కూలు. పేరు చెప్పను, మా చెల్లెలి కొడుకు అందులోనే చదువుతుండాడు. వార్షికోత్సవానికి బొమ్మల షో కావాలన్నారు. "ఎంతసేపండీ, ఇరవై నిమిషాలు. చిన్నపిల్లలేగా, ఏదో ఒకటి ఆడించండి." ఆ 'ఏదో ఒకటి' కోసం నేను మూడు వారాలు సోఫాలు కుట్టేవాళ్ళ దగ్గర స్పాంజి ముక్కలు ఏరుకొచ్చి, కత్తిరించి, కుట్టి ఒక కొంగని చేశా. పేరు కొక్కిరాయి. పులికాట్ నుంచి తప్పిపోయి కావలి బస్టాండులో దిగి, చేపల పులుసు వాసన పట్టుకుని తిరిగే కథ. రెండు బెంచీలు, వాటికి అడ్డంగా దుప్పటి, కింద నేను. పిల్లలు పడీ పడీ నవ్వారు. ఆ నవ్వు గురించి నాకేం ఫిర్యాదు లేదు.

తర్వాత సన్మానాలు. చీఫ్ గెస్టుకి శాలువా. ఆయన భార్యకి శాలువా. ఆమె ఏం చేసిందని అడగబాకండి, వచ్చింది. షామియానా వేసినాయనక్కూడా శాలువా. సరే, ఎండలో గుంజలు పాతాడు, కాదనను. ఆఖర్న మైకులో మేడం గారు, "మనల్నందర్నీ ఇంతగా నవ్వించిన కొంగగారిని కూడా సన్మానించుకుందాం" అని, నిజంగానే వచ్చి కొంగ మెడలో శాలువా వేసింది.

నేను బెంచీ కింద ఉండా. నా చెయ్యి ఆ కొంగ మెడలోనే ఉంది!

ఫోటో ఆయన "కొంగ తల కొంచెం ఇటు" అన్నాడు. తిప్పా. "ఇంకొంచెం పైకి" అన్నాడు. ఎత్తా. ఎవరు ఎత్తుతుండారనుకున్నాడో ఆ మహానుభావుడు! నా బుద్ధిలేనితనం చూడండి, అలవాటుకొద్దీ కొంగ చేత వంగి దణ్ణం కూడా పెట్టించా. దానికీ చప్పట్లే. నేను దుప్పటి కిందనుంచి పాక్కుంటా బయటికొచ్చేసరికి హాల్లో బిరియానీ పొట్లాలు పంచుతుండారు. నాదాకా రాలా.

ఇదంతా మా ఫ్యామిలీ గ్రూపులో పెడితే, సాఫ్ట్‌వేర్ చేసే మా అన్న కొడుకు "చెయ్యి పైకెత్తడం కూడా ఒక పనేనా బాబాయ్" అన్నాడు. ఒరే నాయనా, కుర్చీలో కూర్చుని నడుం నొప్పి అని చెప్పి సెలవు పెట్టేది నువ్వు. ఒక్క పది నిమిషాలు చెయ్యి నెత్తి మీదకెత్తి పట్టుకో. ఊరికే కాదు, బొమ్మ కింది దవడలో ఉండే బొటనవేలుని మాట మాటకీ కిందికి దించాలి. కొత్తవాళ్ళు పై నాలుగు వేళ్ళూ ఎత్తుతారు, అప్పుడు బొమ్మ మాట్లాడినట్టుండదు, ఆకాశంలోకి ఆవులించినట్టుంటది. మాట పలికేటప్పుడు నోరు తెరుచుకోవాలి. మూసుకుంటే మాటని కొరికి తిన్నట్టుంటది. ఇదంతా చేస్తా నవ్వించాలి, అదీ మోకాళ్ళ మీద.

అమెరికాలో సెసమీ స్ట్రీట్ అని పిల్లల టీవీ బొమ్మల షో 1969 నుంచి వస్తా ఉంది. దాంట్లో బిగ్ బర్డ్ అనే పసుపు రంగు పిట్ట ఎత్తు 8 అడుగుల 2 అంగుళాలు. దాని లోపల కారొల్ స్పిన్నీ అనే మనిషి మొదట్నుంచీ 2015 దాకా ఉండి, ఆ తర్వాత గొంతు మాత్రం ఇచ్చి 2018లో రిటైరయ్యాడు. కుడిచెయ్యి నెత్తి పైకెత్తితే అది పిట్ట తల. చిటికెనవేలితో కనురెప్పలు. ఎడంచెయ్యి ఎడమ రెక్కలో. మరి కుడి రెక్కో? దానికి చేపలు పట్టే నైలాన్ దారం కట్టి, ఆ దారం రెండో కొస ఎడంచేతికి కట్టారు. ఇది దించితే అది లేస్తది. బయటికి చూడ్డానికి ఆ పిట్టకి కన్నం కూడా లేదు. గుండెకి చిన్న టీవీ కట్టుకుని కెమెరా చూసేదే తనూ చూస్తా నడవాలి. అది అద్దంలాగా ఉండదు, తను కుడికి జరిగితే అందులో ఎడమకి పోతాడు. ఎన్నిసార్లు గోడకి గుద్దుకుని ఉంటాడో పాపం! ఇది చాలదని అదే మనిషి చెత్తడబ్బాలో ఉండే ఆస్కార్‌ని కూడా ఆడించాడు. దాదాపు 50 ఏళ్ళు. మా వాడేమో చెయ్యెత్తడం పనేనా అంటాడు.

అంతదూరం ఎందుకు, మన జిల్లాలోనే తోలుబొమ్మలవాళ్ళు ఉండారు. మా తాత ఊర్లో చూశా చిన్నప్పుడు. తెల్లార్లూ ఆట. తెర వెనక ఆయన బొమ్మ ఆడించాలి, పద్యం పాడాలి, కాలికింద చెక్క తొక్కి చప్పుడు చెయ్యాలి. రాముడు ఆయనే, రావణుడు ఆయనే. మాకందరికీ గుర్తుండేది మధ్యమధ్యలో నవ్వించే కేతిగాడు, బంగారక్క. ఆడించినాయన మొహం ఎట్టా ఉంటదో నాకిప్పటికీ తెలీదు. పొద్దున్నే ఆయన మా ఇంటికొచ్చి బియ్యం అడిగితే మా నాయనమ్మ "ఎవరబ్బాయ్ నువ్వు" అని అడిగింది. రాత్రంతా ఆమెని ఏడిపించింది ఆయనే.

అసలు నాకు కడుపులో ఉండే మంట ఇది కాదులేండి. కాలేజీ రోజుల్లో ఒంగోలులో రాయబారం సీను వేశారు. కృష్ణుడు వేసినోడు తెల్లగా బుగ్గలతో బాగుంటాడు, గొంతు మాత్రం తుప్పుపట్టిన బోరింగు. నన్ను సైడు కర్టెన్ వెనక నిలబెట్టి పద్యాలు పాడించారు. నా రంగుకి కిరీటం నప్పదంట. జనం 'వన్స్ మోర్' అన్నారు. వాడు చిరునవ్వుతో చెయ్యెత్తాడు, నేను మళ్ళీ పాడా. ముందు వరసలో మా నాన్న. బస్సులో ఇంటికొస్తా, "ఆ పిల్లోడి గొంతు చూశావా, వాళ్ళ నాయన పుణ్యం చేసుకున్నాడు. నువ్వూ ఉండావు దేనికి" అన్నాడు. సింగరాయకొండ దాటిందాకా చెబుదామనుకున్నా. చెప్పలా. ఇప్పుడు చెప్పడానికి ఆయన లేడు.

ఇంతలో స్కూలు నుంచి ఫోను. చేతికి తైలం రాసుకుంటా ఎడంచేత్తో ఎత్తా. థాంక్స్ చెప్పడానికేమో అనుకున్నా. "సార్, ఆ శాలువా బొమ్మతోపాటు మీ దగ్గరికొచ్చేసినట్టుంది, శనివారం పేరెంట్స్ మీటింగుకి కావాలి, పంపిస్తారా?"

పంపను. కొక్కిరాయిని అడిగి తీసుకోమన్నా.