మళ్లీ వచ్చేవాళ్లెంతమంది?

2023లో సరిగ్గా ఉగాది ముందు కోట శ్రీనివాసరావు గారు కెమెరా ముందు కూర్చుని, తాను బతికే ఉన్నానని చెప్పుకోవాల్సి వచ్చింది. ఎనభై ఏళ్ల మనిషికి పండగ పూట ఆ గతి పట్టింది, ఆయన పోయారన్న పుకారు అంత దూరం పాకింది మరి. పుట్టించిందెవరన్నది పక్కన పెడదాం. ఇలాంటి పుకార్లను ఎందుకు మోస్తారో మాత్రం తెలుగు యూట్యూబ్ చూసే ప్రతివాళ్లకూ తెలుసు. ఫొటోకు దండ వేసి, పక్కన ఏడుస్తున్న మొహం ఒకటి అతికించి, ఎర్ర అక్షరాల్లో ‘ఇక లేరు’ అని రాస్తే జనం కంగారుగా నొక్కుతారు. లోపల ఏమీ ఉండదు. అయినా ఒక వ్యూ లెక్కలో చేరిపోయింది.

ఈ దరిద్రానికి ఒక్క యూట్యూబర్‌నే తిట్టి ఊరుకుంటే సరిపోదు, అలాగని వదిలేయడమూ కుదరదు. ఛానెల్ నడిపేవాళ్లు పొద్దున లేవగానే ఏ అంకె చూసుకుంటున్నారు, దాన్ని వాళ్ల కళ్ల ముందు పెట్టిందెవరు అన్నది కూడా మాట్లాడాలి.

ఛానెల్ లెక్కలు చూపించే యూట్యూబ్ స్టూడియో యాప్ తెరిస్తే కొత్త వీడియో కింద ర్యాంకు కనిపిస్తుంది, గత పది వీడియోల్లో ఇది ఒకటో స్థానమా, తొమ్మిదో స్థానమా అని. వీడియో పెట్టిన కాసేపటికే టెన్షన్ మొదలు. తర్వాత ఇంప్రెషన్లు, అంటే థంబ్‌నెయిల్ (వీడియో నొక్కకముందు కనిపించే బొమ్మ) ఎన్నిసార్లు జనం కంటపడిందో ఆ లెక్క. అందులో నూటికి ఎన్నిసార్లు నొక్కారన్నది క్లిక్ త్రూ రేటు, సగం ఛానెళ్లకు అది 2 నుంచి 10 శాతం మధ్యే ఉంటుందని యూట్యూబే చెబుతోంది. వీటన్నిటికన్నా విలువైనది రిటెన్షన్ గ్రాఫు, అంటే వీడియోలో ఏ క్షణం దగ్గర ఎందరు చూస్తున్నారో చూపించే గీత. ‘హాయ్ ఫ్రెండ్స్, వెల్‌కమ్ టు మై ఛానెల్’ అంటుండగానే గీత జారడం మొదలవుతుంది, మొదటి 30 సెకన్లు దాటాక ఎందరు మిగిలారో విడిగా చూపిస్తుంది. గోంగూర పచ్చడి వీడియో అయితే ఎండుమిర్చి ఎన్ని వేయాలో చెప్పే చోట గీత మళ్లీ లేస్తుంది, ఎందుకంటే చూసేవాళ్లు వెనక్కి జరిపి ఇంకోసారి వింటారు. కబుర్లతో సాగదీసిన చోట కిందికి దిగిపోతుంది. చూసేవాళ్లకు ఏం కావాలో ఆ గీత చెప్పినంత సూటిగా వంద కామెంట్లు కూడా చెప్పవు.

అయితే ఈ అంకెలు ఉన్నవి ఉన్నట్టు చూపించి ఊరుకోవు, వీడియో తీసే పద్ధతినే మార్చేస్తాయి. క్లిక్కుల మీద నడిచే సిఫార్సులను యూట్యూబ్ 2012లో వాచ్ టైమ్ మీదికి, అంటే ఎంతసేపు చూశారన్నదాని మీదికి మార్చింది, పైన ఒకటి చూపించి లోపల ఇంకొకటి పెట్టేవాళ్ల బెడద తగ్గించడానికే. మంచి నిర్ణయమే, కానీ వెనకే సాగదీత వచ్చింది. 8 నిమిషాలు దాటితే మధ్యలో యాడ్స్ పెట్టుకోవచ్చని 2020లో అన్నాక (అంతకుముందు 10) మూడు నిమిషాల ఉప్మా ఎనిమిది నిమిషాలు ఉడకడం మొదలైంది. 2018 నుంచి యాడ్స్ డబ్బు రావాలంటే 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4,000 గంటల వాచ్ టైమ్ కావాలన్నారు. ఆ గడప దాటాలని ‘నన్ను సబ్‌స్క్రైబ్ చేస్తే నిన్ను చేస్తా’ అనే గ్రూపులు, డబ్బిచ్చి కొనుక్కునే సబ్‌స్క్రైబర్లు తయారయ్యారు. అలా చేరినవాళ్లలో వీడియో చూసేదెవరు?

చూపించే కంపెనీల లెక్కలు కూడా అంత నమ్మదగ్గవేమీ కావు. వీడియోను సగటున ఎంతసేపు చూస్తున్నారన్నది ఎక్కువ చేసి చూపించామని 2016లో ఫేస్‌బుక్ ఒప్పుకుంది, 3 సెకన్ల లోపే వెళ్లిపోయినవాళ్లను లెక్కలోంచి తీసేసి సగటు కట్టింది కాబట్టి. ప్రకటనదారులు కోర్టుకెళితే చివరికి 4 కోట్ల డాలర్లకు రాజీ కుదిరింది. మన హీరోల అభిమానులు కొట్లాడుకునే 24 గంటల రికార్డుల సంగతీ అంతే, పాటల వీడియోల రికార్డుల్లో యాడ్స్ పెట్టి కొన్న వ్యూస్‌ను లెక్కించబోమని యూట్యూబ్ 2019లో చెప్పేదాకా వాటిని కూడా కలిపే చూపించారు. 2021లో డిస్‌లైక్‌ల సంఖ్యను జనానికి కనబడకుండా చేశారు. 2025 మార్చి 31 నుంచి షార్ట్ (యూట్యూబ్‌లో చిన్న నిలువు వీడియో) ఆడటం మొదలైతే చాలు, వ్యూ కింద లెక్క. నిజంగా ఆగి చూసినవాళ్ల సంఖ్య స్టూడియోలో ఛానెల్ ఓనరుకు కనిపిస్తుంది, మనకు కనిపించదు.

ఈ అంకెలు ఎంత గట్టివో 2020 జూన్ 29న తేలిపోయింది. ఆ రోజు కేంద్రం టిక్‌టాక్‌ను నిషేధించింది. లక్షల ఫాలోవర్లున్నవాళ్లు, అందులో మన పల్లెల పిల్లలూ గృహిణులూ ఎందరో, మళ్లీ సున్నా దగ్గర నిలబడ్డారు. పేరు పెట్టి వెతుక్కుంటూ వచ్చే జనం ఉన్నవాళ్లు రీల్స్‌లోనో షార్ట్స్‌లోనో తేరుకున్నారు. వేలితో తోసుకుంటూ పోయే జనమే ఉన్నవాళ్లు కనబడకుండా పోయారు.

అందుకే మా అభిప్రాయం ఒకటే, ఛానెల్‌కు అసలైన ఆస్తి మళ్లీ వచ్చేవాళ్లు. స్టూడియోలో ఆ లెక్క కూడా ఉంది, కొత్తగా వచ్చినవాళ్లెందరు, మళ్లీ మళ్లీ వచ్చేవాళ్లెందరు అని, కానీ ర్యాంకులాగా ముందుకొచ్చి కనబడదు కాబట్టి చాలామంది అక్కడిదాకా పోరు. జగిత్యాల జిల్లా లంబాడిపల్లి నుంచి 2012లో మొదలైన మై విలేజ్ షోను చూడండి. ఆ ఊరి మాట, ఆ ఊరి మనుషులు, గంగవ్వ లాంటి పెద్దావిడ. చూసినవాళ్లు మన ఇంటిమనిషే అనుకున్నారు కాబట్టి వెతుక్కుంటూ వచ్చారు. తెనాలి దగ్గర గుడివాడకు చెందిన మస్తానమ్మ నూరేళ్లు దాటిన వయసులో కట్టెల పొయ్యి మీద వండుతుంటే దేశదేశాలవాళ్లు చూశారు. 2018లో ఆమె పోయినప్పుడు ఎక్కడెక్కడివాళ్లో సొంత అవ్వ పోయినట్టు బాధపడ్డారు. అమెరికాలో ఉన్న మనవాళ్లు చూస్తే యాడ్ రేటు ఎక్కువన్న లెక్క ఇప్పుడు ప్రతి వంటల ఛానెల్‌కూ తెలుసు, కానీ ఆ మనవాళ్లు వచ్చేది అమ్మమ్మ వంట కోసం.

నమ్మి వచ్చేవాళ్లను అమ్ముకోవడం ఇంకో పెద్ద ప్రమాదం. 2025 మార్చిలో బెట్టింగ్ యాప్‌లకు ప్రచారం చేశారని హైదరాబాద్‌లో పోలీసులు యూట్యూబర్ల మీద, సినిమావాళ్ల మీద కేసులు పెట్టారు. నేరం ఎవరిదో కోర్టులు తేలుస్తాయి. అన్నా అని పిలిచే కుర్రాడికి ఆ అన్న జూదం యాప్ చూపించడం మాత్రం ఏ చట్టం లేకపోయినా తప్పే, వాడి ఇంట్లో అప్పులు తీర్చేది ఆ అన్న కాదు.

టైటిల్‌లో, థంబ్‌నెయిల్‌లో చెప్పింది వీడియోలో లేకపోతే, ముఖ్యంగా వార్తల విషయంలో, తీసేస్తామని యూట్యూబ్ 2024 డిసెంబరులో ప్రకటించింది, అదీ మొదట భారత్‌లోనే అని. తెలుగులో మాత్రం బతికున్నవాళ్లకు దండలు వేయడం ఆగలేదు, ఇందులో పత్రికల, టీవీల సొంత ఛానెళ్లకూ మినహాయింపు లేదు. ఆ ప్రకటన వచ్చాక ఎన్ని తెలుగు వీడియోలు తీసేశారో, తెలుగు చదవగలిగినవాళ్లను ఎంతమందిని ఆ పనికి పెట్టారో యూట్యూబ్ బయటపెట్టాలి. డిస్‌లైక్‌ల లెక్క మళ్లీ జనానికి చూపించాలి. షార్ట్స్‌కు వ్యూస్ పక్కనే నిజంగా చూసినవాళ్ల సంఖ్యా వేయాలి, స్టూడియోలో ఎలాగూ అది సిద్ధంగానే ఉంది.