నాచును చెత్త బండిలో వేయకండి

తుపాను వెళ్లిపోయిన మర్నాడు విశాఖ ఆర్కే బీచ్‌కి వెళ్తే అలలు వదిలిన గీత వెంబడి పచ్చటి, గోధుమ రంగు నాచు పడి ఉంటుంది. అందులో చిరిగిన వల ముక్కలు, చిప్స్ ప్యాకెట్లు, తాగి పారేసిన కొబ్బరి బొండాలు. చూసేవాళ్లకు అదంతా చెత్తే. అన్నీ కలిపి ఎత్తేస్తే బీచ్ శుభ్రమైందని సంతోషిస్తాం. నా అభ్యంతరం అక్కడే. ప్లాస్టిక్ చెత్త, నిజమే. నాచు చెత్త కాదు.

మధ్యధరా సముద్ర తీరాల్లో ఈ పేచీ చాలా పాతది. అక్కడ ఒడ్డుకు చేరేది పొసిడోనియా అనే సముద్రపు గడ్డి. అది నాచు కాదు, నీళ్లలోనే పూలు పూసే మొక్క. రాలిన ఆకులు ఒడ్డున పొరలు పొరలుగా పేరుకుని ఒక్కోచోట మీటరు పైనే గట్టు కడతాయి. చలికాలపు అలల దెబ్బను ఆ గట్టే ముందు తింటుంది. పర్యాటకుల కోసం బుల్డోజర్లతో దాన్ని తవ్వేస్తే దాంతోపాటు ఇసుకా పోతుంది. అందుకే కొన్నిచోట్ల వేసవిలో గడ్డిని బీచ్ చివరికి జరిపి, సీజన్ అయ్యాక తిరిగి తెచ్చి పరుస్తున్నారు.

విశాఖలో కనిపించేది ఎక్కువగా తీరం రాళ్ల మీద పెరిగే ఉల్వా, సర్గాసం లాంటి నాచు. అంత గట్టు కట్టదు కాబట్టి తీరాన్ని అదే కాపాడుతుందని నేను అనను. కానీ తడి నాచును యంత్రంతో ఎత్తితే దానికి అంటుకున్న ఇసుక కూడా బండెక్కుతుంది. ఇసుక పోగొట్టుకునే స్థితిలో మనం ఉన్నామా? 1970లలో పోర్టు ఔటర్ హార్బర్ కట్టాక, తీరం వెంట ఉత్తరానికి సాగే ఇసుకకు అడ్డం పడింది. ఆర్కే బీచ్ కోసుకుపోతుంటే పోర్టు డ్రెడ్జింగ్‌లో తీసిన ఇసుకను తెచ్చి పోస్తున్నారు. ఒక చేత్తో పోస్తూ ఇంకో చేత్తో ఎత్తుకుపోవడం ఏం పద్ధతి?

ఇక్కడి రుషికొండ బీచ్‌కు 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చింది. శుభ్రమైన, సురక్షితమైన బీచ్‌లకు ఇచ్చే అంతర్జాతీయ గుర్తింపు అది. మరీ ఇబ్బందైతే తప్ప నాచును ఒడ్డునే ఉంచాలని ఆ నిబంధనల్లోనే ఉంది. ఈ సంగతి ఎంతమందికి చెప్పాం?

కుళ్లితే వాసన వస్తుందన్నది కొట్టిపారేసే మాట కాదు. ఫ్రాన్స్‌లోని బ్రిటనీ తీరంలో 2009లో కుళ్లిన ఉల్వా గుట్టల నుంచి వెలువడిన విషవాయువుకు ఒక గుర్రం చనిపోయింది. పొలాల నుంచి కొట్టుకొచ్చే నత్రజనితో అక్కడ ఆ నాచు అంతగా పెరిగింది. మురుగునీటిలోనూ అదే నత్రజని ఉంటుంది. ఊళ్లోని మురుగు గెడ్డల (వాగుల) ద్వారా శుద్ధి కాకుండా సముద్రంలో కలిసినన్నాళ్లూ మనకూ ఆ భయం ఉండాల్సిందే. ఎక్కువ మందంగా పేరుకుంటే తీయాలి. అయితే ముందు చేత్తో ప్లాస్టిక్, వలలు ఏరేయాలి, ఆరాక పళ్లగొర్రుతో దులిపి ఇసుకను అక్కడే వదలాలి. మిగిలింది కంపోస్టుకు పనికొస్తుంది, ఉప్పు పోయేలా కడిగితే చాలు. జనవరి నుంచి ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టే చోట్ల మాత్రం యంత్రం అడుగు పెట్టకూడదు.

కార్తీక స్నానాలకు జనం వచ్చే చోట రోజూ శుభ్రం చేయండి, ఎవరూ కాదనరు. సాగర్‌నగర్ వైపు ఒక అర కిలోమీటరు మాత్రం ప్లాస్టిక్ ఏరి నాచును వదిలేసి, పక్కనే మరో అర కిలోమీటరు ఇప్పటిలాగే ఎత్తేసి, ఏడాదిపాటు రెండుచోట్లా ఇసుక మట్టం కొలవండి. కొలవగలిగిన ఆంధ్రా విశ్వవిద్యాలయం, జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ (ఎన్‌ఐఓ) కేంద్రం రెండూ ఈ ఊళ్లోనే ఉన్నాయి.