మూతపడ్డ ఒక్క సినిమా హాలు నాటకానికి ఇప్పించండి

డిసెంబర్‌లో అమెరికాలోని మన తెలుగు సంఘం విశాఖలో పెట్టిన సాంస్కృతిక సాయంత్రాన్ని వాట్సాప్‌లో అందరూ మెచ్చుకున్నారు. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు. శ్రీకాకుళం నుంచి వచ్చిన నాటక బృందానికి ఇస్తామన్నది గంట. జ్యోతి ప్రజ్వలన, ప్రసంగాలు, శాలువాలు అయ్యేసరికి మిగిలింది ఇరవై నిమిషాలు. మూడో రంగం మధ్యలో మైకు ఆపించి, ముఖ్య అతిథి వచ్చారని వేదిక ఖాళీ చేయించారు. తండ్రి వేషం వేసినాయన రంగు కడుక్కోకుండానే మెట్ల పక్కన నిలబడ్డారు. వెళ్లి నమస్కారం పెడితే, "పర్లేదమ్మా, కల్యాణ మండపాల్లో ఇలాగే ఉంటాది. మాకంటూ ఒక హాలుంటే బాగుణ్ణు" అన్నారు. డ్యూటీలు దిగాక రాత్రుళ్లు రిహార్సల్స్ చేసుకున్నారట. కూతురి వేషం వేసినమ్మాయి పెద్ద డైలాగు ఆ ఆగిపోయిన రంగంలోనే ఉంది.

మేముండే అట్లాంటాలో ఫాక్స్ థియేటర్ 1929లో తెరిచిన సినిమా హాలు. సినిమాలు ఆడక మూతపడే స్థితికొస్తే, పడగొట్టి టెలిఫోన్ కంపెనీ ఆఫీసు కట్టాలనుకున్నారు. ఊరివాళ్లు 1970లలో లాభాపేక్ష లేని సంస్థ పెట్టి, చందాలు పోగుచేసి నిలబెట్టుకున్నారు. పిల్లల్ని తీసుకుని మనం బ్రాడ్‌వే (న్యూయార్క్ రంగస్థల) షోలకు వెళ్లేది అక్కడికే.

విశాఖలో జగదాంబ సెంటర్‌కు ఆ పేరొచ్చిందే జగదాంబ సినిమా హాలు వల్ల. అలాంటి ఊళ్లో మల్టీప్లెక్సులొచ్చాక పాత హాళ్లు ఒక్కొక్కటే మూతపడుతున్నాయి. నాటకాలకు కళాభారతి, గురజాడ కళాక్షేత్రం లాంటి ఆడిటోరియాలు ఉన్నాయి కదా అంటారు. కానీ రోజు అద్దెకు తీసుకున్న హాల్లో సెట్టు రాత్రికి రాత్రే విప్పుకోవాలి. నెలంతా ఒకే నాటకం ఆడుకునే చోటు కావాలి. మూతపడ్డ సినిమా హాలొకటి అలా మార్చుకుందాం.

మార్చడం తేలిక కాదు. తెర వెనక స్పీకర్లకు తప్ప చోటుండదు. వేదిక ముందుకు పెంచితే ముందు వరసల కుర్చీలు పోతాయి. మేకప్ గదులు, లైట్లు కట్టే పైపులు కొత్తగా పెట్టాలి. కానీ ఏటవాలు నేల, బాల్కనీ ఉన్నాయి. వెనక కూర్చున్నా ముందువాళ్ల తలలు అడ్డురావు.

మనవాళ్లు నాటకం చూడరన్న మాట నేనొప్పుకోను. తెర మీద హీరో కనిపిస్తేనే కాగితాలు చల్లి ఈలలేసే జనం, తెల్లవార్లూ తూర్పు భాగవతం (ఉత్తరాంధ్ర జానపద నాటకం) చూసిన తాతల మనవలు, ఎదురుగా మనిషి ఏడుస్తుంటే ఊరికే కూర్చుంటారా?

హాలు కొనమనడం లేదు. లీజుకు తీసుకుందాం. ఏటా సన్మానాలకు పెట్టే డబ్బు ఒక్క ఏడాది ఇటు మళ్లించండి. బోర్డు సభ్యులారా, వచ్చే మీటింగ్ ఎజెండాలో ఇది చేర్చండి. విశాఖలో హాళ్ల యజమానులను ఎరిగినవాళ్లు మనలో ఉన్నారు, దయచేసి వాళ్లతో మాట్లాడండి.