తాళం పాడైందా, తలుపు కుంగిందా?

నెల రోజులుగా మా దేవరకొండ చుట్టాల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరుగుతోంది. నాకే నాలుగు చోట్ల నుంచి వచ్చింది. "పాత ఇళ్ల తాళాలు ఉత్త అలంకారం. ఏ చెవి పెట్టినా తెరుచుకుంటాయి. చెవి పోతే మళ్లీ దొరకదు. బిగుసుకుంటే కొబ్బరినూనె పోయండి, నల్లబడితే చింతపండుతో తోమండి. అయినా తిరగకపోతే పీకేసి కొత్తది బిగించుకోవడమే చవక." ఇదీ అందులోని మాట. ఇది నమ్మి మా దగ్గరివాళ్లే ఒకరు పెద్ద దర్వాజ తాళాన్ని పాత సామానుకు వేసేశారు. మా తాత కట్టిన ఇంట్లో ఐదు తాళాలు విప్పి, బాగుచేయించి, మళ్లీ బిగించుకున్నవాణ్ని. అందుకే చెప్తున్నాను.

చివరి మాటతోనే మొదలుపెడతాను. ఎక్కువ నష్టం దానితోనే.

తాళం తిరగడం లేదంటే తాళమే పాడైందని కాదు. తలుపు తెరిచి ఉంచి, చెవి పెట్టి తిప్పి చూడండి. బోల్టు సాఫీగా బయటికొచ్చి లోపలికి పోతే తాళానికి ఏ జబ్బూ లేదు. తలుపు కుంగి ఉంటుంది, లేదంటే వానాకాలం తేమకు చెక్క ఉబ్బి ఉంటుంది. దాంతో బోల్టు దర్వాజకున్న రంధ్రానికి సూటిగా రాదు. మనమేమో చెవిని బలంగా తిప్పి విరగ్గొట్టుకుంటాం. మా ఐదింటిలో మూడింటిది ఇదే కథ. వడ్లాయన పై బందు మరలు తీసి, వదులైన రంధ్రాల్లో టేకు పుల్లలు దిగ్గొట్టి మళ్లీ బిగించాడు. ఒక తలుపుకు మాత్రం బోల్టు దూరే పలకను ఒక నూలు (అంగుళంలో ఎనిమిదో వంతు) కిందికి జరపాల్సి వచ్చింది. ఒక్క పూట పని.

అదే తాళాన్ని పీకితే? చెక్కలో గుంత మిగులుతుంది. కొత్త తాళం కొలత దానికి సరిపోదు. ఇంకాస్త చెక్కుతారు, మిగిలిన సందులో అతుకు వేస్తారు. అంత టేకు తలుపు మళ్లీ చేయించాలంటే ఎంతవుతుందో కట్టెల అడితిలో అడిగి, అప్పుడు ఏది చవకో చెప్పండి.

ఇక "ఏ చెవి పెట్టినా తెరుచుకుంటాయి" అన్నది. ఇందులో సగం నిజముంది, దాచను. లోపలి గదులకు వాడిన కొన్ని తాళాల్లో లీవర్లు, అంటే చెవి తగిలితే పైకి లేచే పలకలు, ఉండవు, చెవికి అడ్డు తగిలే రేకులు మాత్రమే ఉంటాయి. వాటిని వంకర తీగతోనైనా తీయొచ్చు. లీవర్ తాళం అలా కాదు. లోపలి లీవర్లన్నింటినీ చెవి సరిగ్గా తగినంత ఎత్తుకు లేపితేనే బోల్టు కదులుతుంది. తక్కువ లేచినా, ఎక్కువ లేచినా కదలదు. ఈ పద్ధతిని 1778లో రాబర్ట్ బారన్ అనే ఆంగ్లేయుడు కనిపెట్టాడు. ఇప్పుడు కొట్లో కొనే తాళంకప్ప మీద "7 లీవర్లు" అని గొప్పగా రాసేది దాని గురించే. మీదేదో చెవిని చూస్తే తెలుస్తుంది. చెవి రెక్క అంచు మెట్లుమెట్లుగా, ఎత్తుపల్లాలతో ఉంటే సాధారణంగా అది లీవర్ తాళమే. 1851లో లండన్ ప్రదర్శనప్పుడు ఆల్ఫ్రెడ్ హాబ్స్ అనే అమెరికన్, పేరున్న చబ్ కంపెనీ లీవర్ తాళాన్ని తెరిచి చూపించిన మాట నిజమే. కానీ ఆయన తాళాల పనిలో ఆరితేరినవాడు. మన ఊళ్లలో దొంగ తాళంతో కుస్తీ పట్టడు, గొళ్లెం పెరికేస్తాడు.

చెవి పోతే దొరకదన్నది పూర్తిగా తప్పు. తాళాన్ని తలుపు నుంచి తీసి డబ్బా మూత విప్పితే లీవర్లు కళ్లెదుటే ఉంటాయి. పని తెలిసినవాడు ఇంకా మెట్లు కోయని మొద్దు చెవిని ఆకురాయితో కొంచెం కొంచెం అరగదీస్తూ, ఒక్కో లీవర్ గాడి బోల్టు మీద పొడుచుకొచ్చిన చిన్న ముక్కకు ఎదురుగా వచ్చేదాకా సరిచూసుకుంటాడు. మాకు రెండు చెవులు ఇలాగే చేయించాం. లీవర్ వెనక స్ప్రింగు విరిగినా అంతే, సన్నని స్ప్రింగు పట్టీతో కొత్తది వేయొచ్చు. మూత తీసేటప్పుడు ఏది ఏ వరుసలో ఉందో ముందే ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకోండి. నేను మొదటి తాళానికి తీయలేదు, మళ్లీ కూర్చేసరికి సాయంత్రమైంది.

దయచేసి కొబ్బరినూనె పోయకండి. అది సుమారు 24 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది. మన నల్లగొండ వైపు డిసెంబరు రాత్రులు అంతకంటే చల్లగానే ఉంటాయి. పైగా దుమ్ము పట్టి లోపలంతా జిగటవుతుంది. లీవర్లను గ్యాసునూనెతో కడిగి, ఆరబెట్టి, కొద్దిగా గ్రాఫైట్ పొడి చల్లితే చాలు. పెన్సిల్ ముల్లు గీకిన పొడైనా అక్కరకొస్తుంది.

చింతపండు ఇత్తడి పలకకు పనికొస్తుంది, కానీ పలకను తలుపు నుంచి తీశాకే. తలుపు మీదే ఉంచి తోమితే పులుపు నీళ్లు చెవి రంధ్రంలోకి దిగి లోపలి ఇనుము తుప్పు పడుతుంది. తోమిన వెంటనే కడిగి, పొడిగుడ్డతో తుడవాలి.

ఇప్పటికే తీసేసినవాళ్లు ఆ తాళాన్ని అమ్మకండి. చెవిని దానికే కట్టి, ఏ తలుపుదో చీటీ రాసి, గుడ్డలో చుట్టి పొడిచోట పెట్టండి. తలుపు ఉన్నన్నాళ్లూ దాన్ని మళ్లీ బిగించుకోవచ్చు.