లెగసీ అడ్మిషన్ గారికి, మియాపూర్ నుంచి

అయ్యా లెగసీ అడ్మిషన్ గారూ,

అమెరికా యూనివర్సిటీల్లో పూర్వ విద్యార్థుల పిల్లలకు సీటివ్వడంలో ముందు పీట వేసే మీరు క్షేమమని తెలిసి సంతోషం. 2023 జూన్ 29న అమెరికా సుప్రీంకోర్టు హార్వర్డ్ కేసులో తీర్పిచ్చి, అడ్మిషన్లలో జాతిని లెక్కలోకి తీసుకోవద్దన్నప్పుడు మీకేమవుతుందోనని కాస్త టెన్షన్ పడ్డాం గానీ, మీ మీద ఈగ కూడా వాలలేదు. నల్లవాళ్ళ పిల్లలకున్న ఆ కాస్త ఊతం పోయింది. మీరు వేసే పీట మాత్రం వేసినట్టే ఉంది. ఆ రోజు మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపు నిండా "ఇక మెరిట్‌దే రాజ్యం" అని చప్పట్ల బొమ్మలు. మీ ఊసు ఒక్కరూ ఎత్తలేదు. ఎందుకెత్తుతారు, కోటా అన్న పేరు పెట్టుకోకపోవడంలోనే ఉంది మీ తెలివంతా.

ఆ కేసులోనే బయటపడ్డ లెక్క: అప్లై చేసిన వాళ్ళలో మొత్తం మీద నూటికి ఆరుగురికి సీటొస్తే, మీ తాలూకు వాళ్ళలో దాదాపు మూడో వంతు మందికి వచ్చింది. తాతలు నేతులు తాగారు మా మూతులు వాసన చూడండి అంటే మేమిక్కడ నవ్వుతాం. మీరు నిజంగానే వాసన చూసి సీటు రాసిస్తారు.

మీ దరఖాస్తులో ఒక గడి ఉంటుంది, మీ అమ్మానాన్న ఏ కాలేజీలో చదివారు అని. చూడ్డానికి ఎంత అమాయకమైన ప్రశ్న! 1962లో జేమ్స్ మెరెడిత్ అనే నల్లజాతి యువకుడు అప్పటిదాకా నల్లవాళ్ళని రానివ్వని మిసిసిపీ యూనివర్సిటీలో చేరతానంటే, ఆ ఒక్కడి కోసం అధ్యక్షుడు కెన్నెడీ ఫెడరల్ మార్షల్స్‌ని (కేంద్ర పోలీసుల్ని), ఆ తర్వాత సైన్యాన్ని కూడా దించాల్సొచ్చింది, అల్లర్లలో ఇద్దరు చచ్చిపోయారు. అదే ఏడాది ఎందరో తెల్ల కుర్రాళ్ళు సూట్‌కేసు పట్టుకుని తాపీగా హాస్టల్లో దిగారు. ఇప్పుడు అందరి వారసులూ నింపేది ఒకే గడి. సమానత్వమంటే మీదే సార్.

అన్నట్టు మీ జాతకం కూడా కొంచెం చదివాం. 1920లలో యూదు వలసదారుల పిల్లలు మార్కులు కొట్టేసి పెద్ద యూనివర్సిటీల్లో నిండిపోతుంటే, వాళ్ళని తగ్గించడానికి వెతికిన దారుల్లో మీరూ ఒకరట. అంటే చదువే ఆస్తిగా నౌక దిగిన వాళ్ళని ఆపడానికి పుట్టారన్న మాట. మావాళ్ళు విమానం దిగారు, అంతే తేడా. అసలు ఆ విమానమెక్కే దారి వెడల్పయింది 1965 వలస చట్టంతో, అది పౌరహక్కుల ఉద్యమం ఊపులో వచ్చిందే. నల్లవాళ్ళు దెబ్బలు తిని తెరిచిన తలుపులోంచి లోపలికెళ్ళి, వాళ్ళ సీటు ఊడితే చప్పట్లు కొట్టాం. ఏరు దాటి తెప్ప తగలేయడంలో మమ్మల్ని మించినవాళ్ళు లేరు.

చప్పట్లు కొట్టిన వాళ్ళలో మా పై ఫ్లోర్ అన్నయ్య ఒకరు. రిజర్వేషన్ల మాటెత్తితే బీపీ పెరుగుతుంది ఆయనకి. ఎంసెట్‌లో కొడుకు ర్యాంకు చూశాక మాత్రం న్యూజెర్సీ బావమరిదికి ఫోన్ చేసి, స్పాన్సర్ లెటర్ తెప్పించి, ఎన్ఆర్ఐ సీటు పట్టేశారు. ఇక్కడ ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీల్లో 30 శాతం సీట్లు మేనేజ్‌మెంట్‌వి, అందులో సగం దాకా ఎన్ఆర్ఐలవి. దాన్నీ ఎవరూ రిజర్వేషన్ అనరు లెండి, "మావయ్య సాయం" అంటారు.

మీకూ కష్టాలు మొదలయ్యాయని విన్నాం. 2025 సెప్టెంబరు నుంచి కాలిఫోర్నియాలో రాష్ట్ర స్కాలర్‌షిప్ సొమ్ము అందుకునే ప్రైవేటు యూనివర్సిటీల్లోకి కూడా మిమ్మల్ని రానివ్వొద్దని చట్టం చేశారు. అక్కడి స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ ఆ సొమ్మునైనా వదులుకుంది గానీ మిమ్మల్ని వదల్లేదు. అదీ అభిమానమంటే!

చివరగా అన్నయ్య అడగమన్న సంగతి. వాళ్ళ పెద్దబ్బాయి అమెరికాలో ఎమ్మెస్ చేశాడు, మనవడికి మూడేళ్ళు, వాడి వేళకి మీరుంటే పనికొస్తారా అని. హార్వర్డ్ లాంటి చోట్ల అక్కడ డిగ్రీ చదివినవాళ్ళ పిల్లలకే తప్ప ఎమ్మెస్ వాళ్ళ పిల్లలకు మీరు వర్తించరని నేను చెప్తే, "ఇదేం అన్యాయం?" అని మండిపడ్డారు.

ఇట్లు,
మియాపూర్ వాసి