సెకండరీ న్యూక్లియేషన్ గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ సెకండరీ న్యూక్లియేషన్ గారి దివ్య సముఖమునకు,

మేం వేసిన సీడ్ (విత్తన కణాలు) పెరగాల్సిన చోట కొత్త కణాలు పుట్టించే తమరు, నిన్నటి పాలీస్టైరీన్ బ్యాచ్‌కీ పిలవకుండానే దయచేశారని ఇవాళ టీఈఎం (ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్) ఫొటో చూశాక తెలిసింది. 300 నానోమీటర్ల గోళీల మధ్య 50 నానోమీటర్ల నలుసులు, నువ్వులు చల్లినట్టు. కాంతి చెదిరే తీరుని బట్టి సైజు చెప్పే డీఎల్ఎస్ మాత్రం ఒకే పీక్ గీసి అంతా సవ్యమే అంది. చెదిరే కాంతి ఇంచుమించు వ్యాసం ఆరో ఘాతం లెక్కన పెరుగుతుంది, పెద్దవాటి వెలుగులో తమరు కనపడరు. సెంట్రిఫ్యూజ్ తిప్పాక కూడా పై నీళ్లు తేరకుండా నీలంగా ఉన్నప్పుడే అనుమానించాల్సింది.

మర్యాదల్లో లోటేం చేశాం? స్టైరీన్‌ని అల్యూమినా కాలమ్‌లోంచి దించి, అది నిల్వలో గట్టిపడకుండా కలిపే టీబీసీ తీసేశాం. ఆక్సిజన్ పోయేలా అరగంట నైట్రోజన్ పట్టాం. 70 డిగ్రీల దగ్గర మూడు గంటలు బొట్టుబొట్టుగా వదిలాం.

అసలు గొడవంతా సబ్బు దగ్గర. 100 నానోమీటర్ల సీడ్ 300కి పెరగాలంటే బరువు 27 రెట్లు, అంటే గ్రాము సీడ్‌కి 26 గ్రాముల స్టైరీన్. ఉపరితలం మాత్రం 9 రెట్లే: 57 చదరపు మీటర్లు కాస్తా 510 పైచిలుకు అవుతుంది. ఆ 510కి సరిపడా ఎస్‌డీఎస్ సబ్బు మొదటే పోస్తే, 57 మీద పట్టనిదంతా నీళ్లలో మిసెల్స్ (సబ్బు అణువుల గుంపులు) కడుతుంది. ఖాళీ కొంప కనబడితే తమరు ఆగుతారా? పోనీ తగ్గిద్దామంటే కణాలు అతుక్కుపోయి స్టిర్రర్ రెక్కకి గడ్డలు వేలాడతాయి. అందుకే సబ్బూ విడతలుగానే పోశాం.

పోసీ ఏం లాభం! సీడ్ లేటెక్స్ తనతో మోసుకొచ్చిన ఎస్‌డీఎస్ ఎవరి లెక్కలో ఉంది? మిసెల్స్ కట్టడం మొదలయ్యే హద్దు, సీఎంసీ, లీటరుకి 2.3 గ్రాములని బల్ల మీద రాసుకుంటాం. సీడ్‌ని డయాలిసిస్ చేసి ఆ సబ్బు వదిలించడానికి మాత్రం బద్ధకం. పైగా చర్యని మొదలెట్టే పర్‌సల్ఫేట్ ఉప్పు తగిలితే ఆ హద్దు ఇంకా కిందికి జారుతుంది. సీడ్ పలచగా వేస్తే సరే సరి, మిసెల్స్ లేకపోయినా దారి తప్పిన రాడికల్స్ (పాలిమర్ గొలుసులు మొదలెట్టే చురుకు ముక్కలు) నీళ్లలోనే ముద్దకట్టి కొత్త కాపురం పెడతాయి. పెద్ద గోళీల కోసం 1982లో రియాక్టర్‌ని స్పేస్ షటిలే ఎక్కించారు. అక్కడ తేలడం, మునగడం తప్పాయి గానీ నీ సబ్బు లెక్క తప్పిందా?

అవును, ‘నీ’ అనే అన్నాను. తమరూ గిమరూ ఇక నా వల్ల కాదు. మూడుసార్లు సెంట్రిఫ్యూజ్, మూడుసార్లు సోనికేషన్, ఇంకా పోవేం?

సీడ్ చేసిన రోజున మాత్రం, ఫ్లాస్కులో ఆ నీలపు జీర ఎప్పుడు పడుతుందా అని రెప్ప వేయకుండా కాచుక్కూర్చున్నది నీ కోసమే. ఆ రోజు నీ పేరు ముందు ‘సెకండరీ’ లేదు.

ఇట్లు,
నాలుగో విడతకి ట్యూబులు తూస్తున్న
నీ బాధితుడు